మామ్మ మడిచిన తువ్వాలు

సంక్రాంతికి సెలవులు మూడు రోజులైనా మా ఇంట్లో వాళ్ళ మనసంతా మూడో రోజు మీదే ఉంటుంది. భోగి మంట వేస్తాం, పిల్లలకి భోగిపళ్ళు పోస్తాం, పెద్దపండగ నాడు పోయినవాళ్ళకి బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం, ఏదీ మానం. కానీ అసలు హడావిడంతా కనుమ నాడు. ఆ రోజు మా ఊరి శివుడు గుడి వదిలి ఊరు దాటతాడు.

మాది కోనసీమ. అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అందులో గుడి లేదు. మామూలు రోజుల్లో వెళ్తే చెట్లు, బోదెలు, మేత మేస్తున్న గేదెలు తప్ప ఏమీ కనబడవు. కనుమ నాడు మాత్రం చుట్టుపక్కల 11 ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద అక్కడికొస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, పాలగుమ్మి, ఇలా. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి ఒకచోట కూర్చుని ఊళ్ళ మంచిచెడ్డలు మాట్లాడుకుంటారని మా నమ్మకం. నాలుగు వందల ఏళ్ళు పైబడిందంటారు పెద్దలు. కనుమ నాడు కాకైనా కదలదని సామెత, ఆ రోజు ఎవరూ ప్రయాణాలు పెట్టుకోరు, మా దగ్గర మాత్రం దేవుళ్ళే ప్రయాణం కడతారు. ఆ పదకొండు ఊళ్ళలో మాదొకటి.

ప్రభ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వెదురు బొంగులు, పోక బద్దలు, మర్రి ఊడలు కలిపి ఎత్తుగా ఒక చట్రం కడతారు, పైభాగం వంపు తిరిగి ఉంటుంది, దానికి రంగురంగుల కొత్త గుడ్డలు చుట్టి బంతిపూల దండలు, వరికంకుల కుచ్చులు వేలాడదీస్తారు, నడుమ స్వామిని కూర్చోబెడతారు. కింద మోత కర్రలుంటాయి. పదుల మంది భుజం పెడితేగానీ లేవదు. లేచిందంటే ఇక రోడ్డు, గట్టు, చేను అని చూడరు. "అశ్శరభ శరభ" అని అరుచుకుంటూ పచ్చటి వరిచేలల్లోంచే తీసుకుపోతారు, తొక్కిన చేను రైతు ఒక్క మాట అనడు, స్వామి నా చేలో నడిచాడని పొంగిపోతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలవ నీళ్ళలో దిగి దాటాలి. అవి నీళ్ళలో దిగేటప్పుడు రెండు గట్ల మీదా జనం ఊపిరి బిగబట్టి నిలబడడం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా ఊరి ప్రభకి ఎడమ పక్క ముందు నుంచి రెండో మోత మా తాతయ్యది. అంతకుముందు ఆ చోటు వాళ్ళ నాన్నది. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అక్కడ నిలబడరు. తాతయ్య ఎడమ భుజం మీద చర్మం మందంగా, నున్నగా, ముదురు రంగు తిరిగి ఉండేది. ఏడాది పొడుగునా కొబ్బరికాయల కావిడి మోసిన భుజం అది, కావిడి వల్లే అలా అయ్యుంటుంది. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. చిన్నప్పుడు నేను వేలితో నొక్కి "నెప్పెడుతుందా తాతయ్యా" అని అడిగితే "అది నాది కాదురా, స్వామిది" అనేవాడు.

కనుమ పొద్దున్న తాతయ్య తలంటుకుని వచ్చి వీధరుగు మీద కూర్చునేవాడు. మామ్మ ఎర్రంచు తువ్వాలు పట్టుకొచ్చేది. కొత్త తువ్వాలు పనికిరాదు, కొత్తది జారుతుంది, నాలుగైదుసార్లు ఉతికి మెత్తబడినదే కావాలి. దాన్ని పొడుగునా నాలుగు మడతలు వేసి, మెడవైపు మరో మడత ఎక్కువ వచ్చేట్టు తిప్పి, భుజం మీద పరిచి, రెండు కొసలూ ఎదురు చంక కిందకి తీసుకుని ముడేసేది. ముడి వీపు మీదకి రావాలి, ముందుకొస్తే పరిగెత్తేటప్పుడు రొమ్ముకి ఒరుసుకుంటుందట. వేసిన తర్వాత అరచేత్తో రెండుసార్లు నొక్కి చూసేది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. మామూలుగా నలుగురి ముందూ ఆయన పక్కన కూర్చోవడానికి కూడా మొహమాటపడే మనిషి, ఆ ఒక్క రోజు వీధిలో అందరూ చూస్తుండగా ఆయన భుజం మీద చెయ్యేసేది. చిన్నప్పుడు నాకిది తట్టలేదు, పెళ్ళయ్యాక తట్టింది.

పండగ రోజుల్లో పొయ్యి దగ్గర మామ్మ చెప్పే కథ ఇంకొకటుంది. అది వినకుండా మా ఇంట్లో అరిసెలు అవ్వవు. పెళ్ళయిన మొదటి సంక్రాంతికి అత్తారింట్లో పాకం తనకి అప్పజెప్పారట. తడి బియ్యం దంచి, జల్లించి అన్నీ సరిగ్గానే చేసింది, నీళ్ళ గిన్నెలో పాకం వేసి చూస్తే ముద్దకి వచ్చిందనిపించింది, పిండి కలిపేసింది. నూనెలో వేయగానే అరిసె కాస్తా విడిపోయి మూకుడంతా పొట్టుపొట్టుగా తేలింది. రెండోదీ అంతే. పదహారేళ్ళ పిల్ల, వణికిపోయిందట. వాళ్ళత్తగారు వచ్చి చూసి, తిట్టకుండా, ఇంకాస్త పొడిపిండి కలిపి, పచ్చికొబ్బరి ముక్కలు చిన్నచిన్నవి తరిగి వేసి, ఉండలు చుట్టి "ఈ ఏడు పాకుండలు చేద్దామనుకున్నాంలే" అని వీధిలోకి వినబడేట్టు అందట. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ మామ్మ గొంతు మారుతుంది. మా ఇంట్లో అరిసెలతో పాటు పాకుండలు ఒక్క డబ్బాడైనా చేసేది ఆవిడ పేరు మీదే.

ఇక 1996 సంగతి.

నవంబర్ 6. దీపావళి ఇంకో నాలుగు రోజులుంది, నేను ఐదో తరగతి, టపాకాయల కోసం డబ్బులు దాచుకుంటున్నాను. సాయంత్రం నుంచే గాలి. చీకటి పడేసరికి గాలి కాదు, ఇంకేదో అది. మా పెంకుటింటి మీద పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే తాతయ్య అందర్నీ లాక్కుని ఎదురు వీధిలో డాబా ఇంటికి పరిగెత్తించాడు. ఒక్క గదిలో నలభై మందిమి. రాత్రంతా బయట చెట్లు పడుతున్న చప్పుడు. కొబ్బరిచెట్టు విరిగేటప్పుడు ముందు ఒక మూలుగులా వస్తుంది, తర్వాత ఫెళ్ళుమంటుంది, తర్వాత నేల అదురుతుంది. తాతయ్య గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాడు. మధ్యలో మెల్లగా "అది మన బోరింగు దగ్గర చెట్టు" అన్నాడు. చీకట్లో చప్పుడు వచ్చిన దిక్కుని బట్టి ఏ చెట్టు పడిందో చెప్పాడు. ఇంకో రెండు మూడు చెప్పి ఆపేశాడు.

మా ఊళ్ళో పోయినవి చెట్లూ ఇళ్ళూ. సముద్రం దగ్గర బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి చోట్ల వేటకెళ్ళిన మనుషులే తిరిగి రాలేదు. ఆ తుఫానుకి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందుకే మా తోట గురించి చెప్పడానికి ఇప్పటికీ గొంతు తడబడుతుంది, పోయింది చెట్లే కదా అనిపిస్తుంది. కానీ ఎకరంన్నర తోటలో 90 చెట్లుంటే తెల్లారేసరికి 61 నేల మీద ఉన్నాయి. మిగిలినవి నిలబడ్డాయి అనుకున్నాం. వాటిలో సగానికి గాలికి తలలోని లేత మొవ్వు మెలితిరిగిపోయింది, నెల తిరిగేసరికి ఒక్కొక్కటే కమ్మలు వాల్చి ఎండిపోయాయి. రెండు నెలలకోసారి వచ్చే కొబ్బరికాయల దింపు మీద బతికే ఇల్లు మాది. సంక్రాంతి దింపు డబ్బుల్లోంచే పండగ బట్టలు, ఫీజులు, బాకీలు, అన్నీ.

పిల్లలం మాకు తెలియలేదు. పడిన చెట్ల మొవ్వులు చీల్చి పెద్దవాళ్ళు మాకిచ్చారు, తెల్లగా, పాలలా తియ్యగా ఉంటుంది కొబ్బరి మొవ్వు, చెట్టు బతికుండగా ఎవరూ తియ్యరు కాబట్టి మేమెప్పుడూ అంత తినలేదు. వారం రోజులు అదే తిన్నాం. ఒకరోజు నేను ఓ ముక్క తీసుకెళ్ళి తాతయ్య నోటి దగ్గర పెడితే తల పక్కకి తిప్పేసుకున్నాడు. తర్వాత ఆయనే నన్ను దగ్గరికి తీసుకుని "నువ్వు తినరా, నాకు పడదు" అన్నాడు. పడకపోవడం ఏంటో అప్పుడు అర్థం కాలేదు.

ఆ వేసవిలోనే మా మేనత్త పెళ్ళయింది. అంటే రాబోయేది కొత్త అల్లుడి మొదటి సంక్రాంతి. మా గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడి పండగంటే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. ఇంటి మీద సగం పెంకులు లేవు, తాటాకులు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్నాం. ఆ పైన డిసెంబర్‌లో దుంగలు తొలగిస్తుంటే ఒకటి జారి తాతయ్య కుడిపాదం మీద పడింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. దసరాకే ద్వారపూడిలో అల్లుడికి బట్టలు, బండారులంకలో అత్తకి పసుపు రంగు మీద ఎర్రంచు చీర కొనిపెట్టడం ఒక్కటే మామ్మకి ధైర్యం.

ప్రభ కట్టాలా వద్దా అని గుడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. నేను తాతయ్య కర్ర పట్టుకుని వెంట వెళ్ళాను. చందాలు ఎవరిస్తారు, ఎవరింట్లో ఏముంది అని ఒకరు. స్వామిని పల్లకీలో తీసుకెళ్దాం, తప్పు లేదు అని ఇంకొకరు. అసలు ఈ ఏడుకి మానేద్దాం అని కూడా ఎవరో అన్నారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు, అందరి తోటలూ పడిపోయే ఉన్నాయి. తాతయ్య చాలాసేపు విని ఒకటే మాటన్నాడు: "మనం వెళ్ళకపోతే అక్కడ పది మందే కూర్చుంటారండి. పదకొండో చోటు ఖాళీగా ఉంటాది." కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకాయన లేచి మా పెరట్లో పడిన పోకచెట్లున్నాయి, పట్టికెళ్ళండి అన్నాడు. వెదురు ఇంకొకరిది. ఆ ఏడు మా ప్రభకి కర్ర డబ్బిచ్చి కొన్నది కాదు, అంతా తుఫానుకి పడినదే.

గుడ్డలకి మాత్రం డబ్బు చాల్లేదు. కట్టడమైతే కట్టారు, వెనకవైపు కప్పడానికి బట్ట తక్కువైంది. కట్టిన చీర పనికిరాదు, కొత్తది కావాలి. భోగి నాడు సాయంత్రం అత్తా, మావయ్యా తణుకు దగ్గర వాళ్ళూరి నుంచి వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర బాబాయ్ ఈ సంగతి ఊరికే మాట వరసకి అన్నాడు. మామ్మ కళ్ళెర్రజేసింది, అల్లుడి ముందు లేమి మాటలేంటని. పెద్దపండగ పొద్దున్న మామ్మ అత్తకి బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. అత్త కళ్ళకద్దుకుని, మడత విప్పకుండా, తాతయ్య దగ్గరికి తీసుకెళ్ళి "వెనకవైపు ఇది సరిపోద్దా నాన్నా" అంది. పందొమ్మిదేళ్ళు అత్తకి. మామ్మ "మొదటి పండగ చీరే, తప్పు కదే" అంటూనే ఉంది, అల్లుడి మొహం వైపు చూడలేకపోతోంది. మావయ్య బడిపంతులు, మితభాషి. ఆయన చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి "మామయ్యగారూ, మీ కాలికి నెప్పి కదా, మీ చోట్లో నేను నిలబడొచ్చా?" అని అడిగాడు.

ప్రభని ఆయన అంతకుముందు చూడను కూడా లేదు.

కనుమ పొద్దున్న మామ్మ తువ్వాలు తెచ్చింది. కానీ అల్లుడి భుజం మీద అత్తగారు చెయ్యి వెయ్యదు కదా. గుమ్మం వెనకాల నిలబడి అత్త చేతికిచ్చి, ఇలా తిప్పు, అటు కాదు, మెడవైపు ఇంకో మడత, ముడి వెనక్కి, అని గుసగుసగా చెప్తుంటే అత్త వేసింది. అలా మామ్మ విద్య ఆ రోజు అత్తకొచ్చింది. తాతయ్య అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఇదంతా చూస్తూ "ఎడం కాలు ముందెయ్యి బాబూ, పక్కోడి అడుగు చూడకు, కూత విను" అని ఒక్కటే చెప్పాడు.

జగ్గన్నతోటలో ఎప్పుడూ చల్లగా నీడలో నిలబడి ప్రభలు చూసేవాళ్ళం. ఆ ఏడు నడినెత్తిన ఎండ పడింది. మొండి మొదళ్ళ మీద పిల్లలం ఎక్కి నిలబడ్డాం. ఒక్కో ఊరి ప్రభ వస్తోంది, వ్యాఘ్రేశ్వరం స్వామి వచ్చేసరికి అప్పటికే చేరినవాటిని గౌరవంగా భుజాలకెత్తి లేపారు, జనం గోల, బాణసంచా, జీళ్ళు అమ్మేవాళ్ళ కేకలు. జీళ్ళు కొనడానికి నా దగ్గర డబ్బుల్లేవు, దీపావళికి దాచుకున్నవి ఇంట్లో ఇచ్చేశాను. మా ప్రభ వెనక్కి తిరిగినప్పుడు అత్త చీర ఎండలో పసుపుగా మెరిసింది. తాతయ్య పదకొండూ లెక్కపెట్టుకున్నాడు. వేళ్ళ మీద, మెల్లగా, మళ్ళీ ఒకసారి. నేను పక్కనే ఉన్నాను.

మావయ్య రాత్రి ఇంటికొచ్చేసరికి భుజం వాచి చెయ్యి పైకి లేవడం లేదు, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. మినుము తినాలి కాబట్టి గారెలు, అల్లం పచ్చడి. చెయ్యెత్తలేని కొత్త అల్లుడికి మా బాబాయే గారెలు తుంచి పెట్టాడు. ఆ తర్వాత ఆయన మా ఇంట్లో అల్లుడిలా ఎప్పుడూ లేడు, కొడుకులానే ఉన్నాడు.

తర్వాతి ఏళ్ళు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి బతకడంతోనే సరిపోయాయి. 1997 తొలకరికి కొత్త మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు, ఈలోపు వాటి మధ్య అరటి, కంద వేసుకున్నారు. 2004లో గానీ మా తోటలో దింపు మళ్ళీ దింపు అనిపించుకోలేదు. తాతయ్య కాలు నయమై ఇంకో పదేళ్ళు పైనే మోశాడు, 2011 వానాకాలంలో పోయాడు. ఏటి సూతకం, 2012 సంక్రాంతికి మాకు పండగ లేదు, ప్రభ ముట్టుకోకూడదు. ఆ కనుమ నాడు వీధిలోంచి ప్రభ వెళ్తుంటే మామ్మ తలుపు చాటున నిలబడి కూత వింది. ఎడమ పక్క రెండో చోట్లో ఎవరు నిలబడ్డారని మర్నాడు బాబాయ్‌ని అడిగింది. ఎవరూ నిలబడలేదు, ముందూ వెనకా వాళ్ళు సర్దుకుని మోశారు.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మా ప్రభల తీర్థమే. నాకు హైదరాబాద్‌లో టీవీ ముందు కన్నీళ్ళు ఆగలేదు. మామ్మకి ఫోన్ చేస్తే అప్పటికే చూసేసింది, వీధంతా మా ఇంట్లోనే కూర్చుని చూశారట. దేశమంతా చూసింది మామ్మా అని నేనేదో ఆవేశంగా చెప్తుంటే మధ్యలో ఆపి "మోసేవాళ్ళ భుజాల మీద తువ్వాళ్ళున్నాయా? నాకు కళ్ళు సరిగ్గా ఆనలేదు" అంది. నేనూ చూసుకోలేదు. ఉన్నాయి మామ్మా అన్నాను.

మొన్న కనుమకి బాబాయ్ తన చోటు నాకిచ్చాడు, గుడి దగ్గర నుంచి కాలవ గట్టు దాకా. నలభై దగ్గరపడుతున్న మనిషిని, జీవితమంతా కుర్చీలో కూర్చుని పని చేసినవాణ్ణి, చెయ్యగలనా అని భయపడ్డాను. భుజం అనుకున్నంత నెప్పి పెట్టలేదు, పిక్కలు పట్టేశాయి. చేలోకి దిగాక పాదం ఎక్కడ పెడుతున్నామో కనబడదు, పక్కవాడి ఊపిరి చెవిలో వినబడుతుంటుంది, కూత వింటే మాత్రం కాలు దానంతటదే పడుతుంది. తాతయ్య చెప్పిన మాట మావయ్యకి పనికొచ్చి ఉంటుంది, నాకూ పనికొచ్చింది.

పొద్దున్న అరుగు మీద కూర్చుంటే మామ్మే వచ్చింది, ఎనభై దాటాయి, వేళ్ళు వంకర్లు పోయాయి, అత్త సాయం చెయ్యబోతే వద్దంది. నాలుగు మడతలు, మెడవైపు ఇంకొకటి, ముడి వెనక్కి. అరచేత్తో రెండుసార్లు నొక్కింది. సాయంత్రం తిరిగొచ్చాక తనే ముడి విప్పింది, మడతల్లో ఇరుక్కున్న బంతి రేకులు దులిపి, చెమట తడి ఉన్న చోట చెయ్యి పెట్టి చూసి, తువ్వాలు తీసుకెళ్ళి దండెం మీద ఆరేసింది.